పోర్ట్‌ల్యాండ్ కొత్త నగర కౌన్సిల్: ఒక ఓటరు సమీక్ష

ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్ నగరం 2024 నవంబరు ఎన్నికలతో తన పరిపాలనా పద్ధతిని మొదలంటా మార్చుకుంది. పన్ను కట్టి పొందే సేవల్లో నగరపాలన కూడా ఒకటి కనుక, దానిని ఒక సేవగానే పరిశీలించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఓటు వేసే విధానం నాకు ఎంతో నచ్చింది. ఎన్నికైన కౌన్సిల్ పని తీరు మాత్రం ఇంకా కుదురుకోవలసి ఉంది. అయినా పాత పద్ధతికి తిరిగి వెళ్లాలని నేను ఎంతమాత్రం కోరుకోను.

ఆ పాత పద్ధతి ఏమిటో తెలిస్తే తప్ప ఈ మార్పు విలువ అర్థం కాదు. 1913 నుంచి ఈ నగరంలో కమిషన్ విధానం నడిచింది. మేయరుతో కలిపి ఐదుగురే సభ్యులు ఉండేవారు. ఐదుగురినీ నగరమంతా కలిసి ఎన్నుకునేది. నగర చట్టాలు చేసేదీ వారే, రవాణా, నీటి సరఫరా, పార్కులు వంటి శాఖలను స్వయంగా నడిపేదీ వారే. ఏ శాఖ ఎవరి చేతిలో ఉండాలో మేయరు నిర్ణయించేవారు. ఆ విధంగా ప్రతి శాఖకూ ఒక పెద్ద దిక్కు ఉండేది గానీ, ఏ ప్రాంతానికీ తనదంటూ ఒక ప్రతినిధి ఉండేవారు కాదు. ఒకే వీధిలో పైపులు వేసే శాఖ ఒకరి కింద, రోడ్డు వేసే శాఖ మరొకరి కింద ఉన్నప్పుడు ఆ వీధి బాగోగులు ఆ ఇద్దరి మధ్య సఖ్యత మీద ఆధారపడేవి. అమెరికాలోని పెద్ద నగరాలన్నీ ఈ విధానాన్ని వదిలేసిన తర్వాత కూడా పోర్ట్‌ల్యాండ్ చాలాకాలం దానినే పట్టుకుని ఉంది. చివరకు 2022 నవంబరులో ఓటర్లు నగర చార్టరు (నగరపాలనకు మూలమైన నియమావళి) సవరణను ఆమోదించారు. దాని ప్రకారం నగరం నాలుగు డిస్ట్రిక్టులైంది. ఒక్కొక్క డిస్ట్రిక్టు నుంచి ముగ్గురు చొప్పున 12 మంది కౌన్సిలర్లు వస్తారు. శాఖల రోజువారీ నిర్వహణను మేయరు పర్యవేక్షణలో పనిచేసే సిటీ అడ్మినిస్ట్రేటర్ చూసుకుంటారు.

ఇక బ్యాలెట్ సంగతి. ఆరెగాన్‌లో బ్యాలెట్ తపాలాలో ఇంటికే వస్తుంది, దానితో పాటు అభ్యర్థుల ప్రకటనలు అచ్చువేసిన ఓటర్ల పుస్తకం కూడా అందుతుంది. కౌన్సిల్ ఎన్నిక ఉన్న భాగంలో ఎడమ వైపున పేర్లు కిందికి వరుసగా ఉంటాయి, పైన ఒకటి నుంచి ఆరు వరకు ప్రాధాన్య క్రమం ఉంటుంది, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఆరు చిన్న అండాకారపు గడులు ఉంటాయి. మనకు అందరికన్నా నచ్చిన అభ్యర్థికి మొదటి గడి, ఆ తర్వాత నచ్చినవారికి రెండవ గడి నింపుకుంటూ పోవాలి. ఆరుగురినీ ఎంచుకోవాలన్న నిర్బంధం లేదు. ఒకే అభ్యర్థికి ఆరు గడులూ నింపితే ఆ అభ్యర్థికి అదనపు లాభం ఏమీ కలగదు. ఈ సంగతిని మొదటిసారి ఓటు వేసేవారికి ముందే చెప్పడం అవసరం. ఇంట్లో బల్ల ముందు కూర్చుని, పుస్తకంలో పేజీలు తిరగేస్తూ, నాలుగవ ప్రాధాన్యం ఎవరికివ్వాలని తర్కించుకునే ఆ తీరిక నిజంగా విలువైనది. గెలిచే అవకాశం లేని మంచి అభ్యర్థికి ఓటు వేస్తే అది వృథా అవుతుందేమోనన్న బెంగ ఈ పద్ధతిలో చాలా వరకు తీరుతుంది.

లెక్కింపు కొంత చిక్కుగానే కనిపిస్తుంది, అయినా ఒక ఉదాహరణతో అర్థమవుతుంది. మూడు స్థానాలకు పోటీ కనుక 25 శాతం దాటిన అభ్యర్థి గెలిచినట్లే. ఒకరికి 30 శాతం వచ్చాయనుకుంటే దాదాపు ఐదు శాతం మిగులు ఉంటుంది. ఆ మిగులు ఏ ఓటర్లదని ఏరి చూపడం సాధ్యం కాదు కనుక, ఆ అభ్యర్థికి పడిన బ్యాలెట్లన్నిటినీ సుమారు ఆరో వంతు విలువతో తదుపరి ప్రాధాన్యానికి బదిలీ చేస్తారు. మిగులు లేనప్పుడు అట్టడుగున ఉన్నవారిని తొలగించి, వారి ఓట్లను అప్పటికి వాటికున్న విలువతో మళ్లిస్తారు. దీనివల్ల ఒక డిస్ట్రిక్టులో నాలుగో వంతు మంది కలిసికట్టుగా కోరుకున్న వ్యక్తికి కౌన్సిల్‌లో చోటు దొరుకుతుంది.

ఇందులో నాకు కనిపించిన పెద్ద లోపం అభ్యర్థుల రద్దీ. 12 స్థానాలకు 98 మంది పోటీ చేశారు. రెండు డిస్ట్రిక్టుల్లోనైతే ఒక్కొక్కచోట 30 మంది నిలబడ్డారు. ఇన్ని పేర్లను చదివి తేల్చుకోవడం ఉద్యోగం, పిల్లలు ఉన్నవారికి తేలిక కాదు. కౌన్సిల్ భాగాన్ని ఖాళీగా వదిలేసి బ్యాలెట్ పంపినవారు తక్కువ మందేమీ కాదు. 82వ అవెన్యూకు తూర్పున ఉన్న ప్రాంతాలకు పాత కౌన్సిళ్లలో ప్రతినిధులు దొరకడమే అరుదు. ఆ ప్రాంతాలున్న మొదటి డిస్ట్రిక్టుకు ఇప్పుడు ముగ్గురు కౌన్సిలర్లు ఉన్నారు. ఈ ఎన్నిక సాధించిన ఫలితాల్లో నేను అన్నిటికన్నా మిన్నగా ఎంచేది ఇదే. కానీ పోలింగు కూడా ఆ డిస్ట్రిక్టులోనే వెనుకబడింది. హక్కు దక్కిన చోటే దాని వినియోగం తక్కువగా ఉండడం నన్ను బాధించింది. అక్కడి భాషల్లో, అక్కడి గడపల దగ్గర ప్రచారం మరింత జరగాలి.

2025 జనవరిలో కొత్త కౌన్సిల్ కొలువుదీరింది. ట్రక్కు రవాణా సంస్థను నడిపిన కీత్ విల్సన్ మేయరయ్యారు. మొదటి సమావేశంలోనే కౌన్సిల్ అధ్యక్ష స్థానానికి ఓట్లు చెరి ఆరుగా చీలిపోయాయి. పలు విడతల ఓటింగ్ తర్వాత గానీ ఎలానా పర్టిల్-గైనీ ఎన్నిక కాలేదు. సభ్యుల సంఖ్య సరి సంఖ్య కావడం వల్ల అధ్యక్ష ఎన్నికలో ఈ ప్రతిష్టంభన ఎప్పుడైనా ఎదురు కావచ్చు. నిర్మాణంలో ఉన్న ఈ లోపాన్ని సరిదిద్దాలన్నది నా అభిప్రాయం. చర్చలు సుదీర్ఘంగా సాగుతున్నాయి. అయితే అవి బహిరంగంగా సాగుతున్నాయి. 2025 మే నెలలో బడ్జెట్‌పై చర్చించినప్పుడు, పోలీసు శాఖకు ప్రతిపాదించిన పెంపులో దాదాపు 20 లక్షల డాలర్లను పార్కుల నిర్వహణకు మళ్లించడానికి కౌన్సిల్ స్వల్ప ఆధిక్యంతో ఒప్పుకుంది. ఆ నిర్ణయంతో ఏకీభవించినా, విభేదించినా, తన ప్రతినిధి ఎటు ఓటు వేశారో ప్రతి ఓటరూ చూడగలిగారు. కౌన్సిల్ తీర్మానాలను వీటో చేసే అధికారం మేయరుకు లేదు కనుక ఆ ఓట్ల బరువు నిజమైనదే.

నిత్యజీవితానికి సంబంధించిన ఫిర్యాదుల విషయంలో ఓటరు ఒక తేడా గమనించాలి. కౌన్సిలర్లు విధానాన్ని నిర్ణయిస్తారు, శాఖలకు ఆదేశాలివ్వరు. కనుక వెలగని వీధిదీపం గురించి నగర సహాయ ఫోన్ నంబరు 311కు చెప్పాలి; వీధిదీపాల మరమ్మతుకు నిధులు చాలడం లేదని అనిపిస్తే ముగ్గురు కౌన్సిలర్లకూ రాయాలి. ముగ్గురు ఉండడం వల్ల ఒకరు ఆలకించకపోయినా మరో తలుపు తట్టే వీలుంది. సభ్యుల సంఖ్య పెరగడంతో జీతాలకు, కార్యాలయాలకు ఖర్చు పెరిగింది, ఆ మేరకు విమర్శలు వస్తున్నాయి. ఆ ఖర్చు సమంజసమేనని నేను భావిస్తున్నాను.

మూడవ, నాలుగవ డిస్ట్రిక్టుల కౌన్సిలర్లకు మొదటి పదవీకాలం రెండేళ్లే కనుక ఆ ఆరు స్థానాలకు 2026 నవంబరులోనే ఎన్నిక. అక్కడ ఉండే తెలుగువారు, ముఖ్యంగా కొత్తగా పౌరసత్వం పొందినవారు, అక్టోబరులో ఉన్న గడువుకు ముందే ఓటరుగా నమోదు చేసుకోవాలి. ఇల్లు మారినవారు చిరునామా కూడా మార్పించుకోవాలి, ఎందుకంటే ఏ డిస్ట్రిక్టు బ్యాలెట్ ఇంటికి రావాలో నిర్ణయించేది ఆ చిరునామాయే.