పెద్దపల్లి పిల్లలతో బన్సీలాల్‌పేట బావి దాకా

మా బడి ఎనిమిదో తరగతి పిల్లలు 32 మందిని తీసుకుని పెద్దపల్లి నుంచి రెండు రోజులు హైదరాబాద్ వెళ్లొచ్చాం. వెళ్లాలనుకునే టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి గానీ, తెల్లారేసరికి నల్లాలో చుక్క నీళ్లు లేవు. గంటన్నరకి ట్యాంకర్ వచ్చింది. పెద్ద గ్రూపుతో వెళ్లేవాళ్లు నీళ్ల సంగతి ముందే అడిగి పెట్టుకోండి. బకెట్లతో లైన్‌లో నిల్చున్నప్పుడే పిల్లలకు చెప్పాను, ఈ ఊరికి మన ఎల్లంపల్లి ప్రాజెక్టు నుంచి కూడా గోదావరి నీళ్లు వస్తాయని, పైపుల్లో దాదాపు 180 కిలోమీటర్లని. ఎవరూ నమ్మలేదు.

బిర్లా ప్లానిటోరియం, సాలార్‌జంగ్ మ్యూజియం అందరికీ తెలిసినవే, పిల్లలకు నచ్చాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును మాత్రం వదలొద్దు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టింది ఆ వరద తర్వాతే. రోగులు తిరిగే చోటు కాబట్టి పదేసి మందిని తీసుకెళ్లాం.

చివర్లో చూసింది బన్సీలాల్‌పేట మెట్ల బావి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన దాన్ని తవ్వి బాగుచేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. మా పిల్ల ఒకతి మెట్టు మీద కూర్చుని, రాతి మీద నీళ్లు వదిలిన గీతను వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయింది.

"మేడం, కాళ్ల కిందనే ఇన్ని నీళ్లు పెట్టుకొని, దీంట్ల చెత్త పోసి, మన దగ్గర్నుంచి ఎందుకు తెచ్చుకుంటున్నరు?"

నేను నోరు తెరిచేలోపే పక్క పిల్లవాడు మెల్లగా అన్నాడు, "మనూళ్ల బాయిల గూడ చెత్తనే పోస్తున్నం గదా."

ఇక ఎవరూ మాట్లాడలేదు. తెలుసనుకున్నది తలకిందులైనచోటే మనిషిని మార్చే చదువు మొదలవుతుందని అమెరికా విద్యావేత్త జాక్ మెజిరో 1978 నుంచీ రాస్తూ వచ్చాడు. పదకొండేళ్లుగా నీటి పాఠం చెబుతున్నాను, ఆ నిశ్శబ్దం నా క్లాసులో ఎప్పుడూ వినలేదు.

అక్కడికి మేం గంటే పెట్టుకున్నాం. మీరు సగం పూట ఉంచుకోండి. తిరుగు బస్సులో అంత్యాక్షరి లేదు. బడి వెనక బావిలో ఒకప్పుడు ఎంత లోతున నీళ్లుండేవని డ్రైవరన్నను అడుగుతూ కూర్చున్నారు.