చేట్‌వుడ్ హాలా, లంక పడవా?

మా మేనల్లుడు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఆర్మీ ఆఫీసర్ ట్రైనింగ్ పూర్తి చేసుకుని సెలవుకి అమలాపురం వచ్చాడు. కొత్త ఆఫీసర్లకి మంచిచెడ్డల నిర్ణయం క్లాసులో నేర్పాలా, ఒక సందర్భం పెట్టి చేయించే కసరత్తులోనా అని వాడితో ఒక సాయంత్రమంతా వాదించాను.

క్లాసులో మాట ఖాయంగా ఉంటుంది. 1932లో ఆ అకాడమీని ప్రారంభిస్తూ అప్పటి సైన్యాధిపతి చేట్‌వుడ్ చెప్పిన వరస అక్కడ ఆయన పేరిటి హాల్లోనే రాసి ఉంది: ముందు దేశం, తర్వాత నీ కింది జవాన్లు, చివర నువ్వు. యుద్ధంలో బందీలనీ గాయపడ్డవాళ్లనీ పౌరులనీ ఎలా చూడాలో చెప్పే 1949 జెనీవా ఒప్పందాలూ అంతే, చదివితేనే తెలుస్తాయి. కంఠతా పట్టి మార్కులు కొట్టేసేవాళ్లూ ఉంటారనుకోండి.

రెండోది కసరత్తు, అంటే సందర్భం పెట్టి అడగడం. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు 17.75 అడుగులకి చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు. నది మధ్య లంక ఊళ్లో చీకటి పడుతోంది. పడవలో పది మందికే చోటు, గట్టున పద్నాలుగు మంది. ఒక ముసలమ్మ గేదె పలుపు వదలనంటోంది. ఊరి పెద్ద తనవాళ్లని ముందు ఎక్కించమంటున్నాడు. పడవ నడిపే జవానుకి రెండు రాత్రులుగా నిద్ర లేదు. చేట్‌వుడ్ వరసలో ఈ ముసలమ్మ ఎక్కడ?

"దేశం అంటే ఆవిడే కదా మావయ్యా" అన్నాడు. "మరి జవాను?" అంటే కాసేపు మాట్లాడలేదు.

నా ఓటు రెండోదానికే. కాకపోతే ఒడ్డుకొచ్చాక కూర్చోబెట్టి, ఎందుకలా చేశావని అడిగే సీనియర్ ఉండాలి. లేకపోతే వాడు నేర్చుకునేది పడవ నడపడమే.