గడ్డిఅన్నారంలోని వైద్య చరిత్ర పరిశోధన సంస్థ: ఒక పాఠకుడి సమీక్ష

ఆయుర్వేదం గురించి గానీ, మన ప్రాంతపు పాత వైద్యశాలల గురించి గానీ ఏదైనా రాసేముందు మూలం చూసుకోవడానికి నేను ఏళ్ల తరబడి ఆశ్రయిస్తున్నది హైదరాబాదు గడ్డిఅన్నారంలోని జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థను. 1956లో విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో వైద్య చరిత్ర విభాగంగా మొదలై, మరుసటి ఏడాది ఉస్మానియా వైద్య కళాశాలకు తరలివచ్చిన ఈ సంస్థకు పునాది వేసినవారు డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి. ఇప్పటి పేరు 2009లో వచ్చింది.

నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపకరించినవి సంస్థ అంతర్జాలంలో ఉచితంగా ఉంచిన ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల మూలపాఠాలు: చరక, సుశ్రుత సంహితలు, రోగ నిర్ధారణను వివరించే మాధవ నిదానం. ఫలానా శ్లోకం చరకుడిదని ఎవరైనా ఉటంకిస్తే అది సంహితలోని ఏ స్థానంలో (విభాగంలో), ఏ అధ్యాయంలో ఉందో కాసేపట్లో దొరుకుతుంది. దొరకకపోతే ఆ ఉటంకింపును అనుమానించవలసిందే. అయితే ముద్రిత ప్రతులకూ తాళపత్రాలకూ మధ్య పాఠభేదాలు ఉంటాయి కాబట్టి, తెరమీద కనిపించనంత మాత్రాన ఆ శ్లోకం ఎక్కడా లేదని తీర్మానించకూడదు. పైగా చరక సంహితలో చికిత్సా స్థానంలోని 17 అధ్యాయాలనూ, కల్ప, సిద్ధి స్థానాలనూ పూరించినవాడు చరకుడి తర్వాతి కాలపు దృఢబలుడు. అధ్యాయం చూడకుండా "చరకుడు చెప్పాడు" అనడం చరిత్రకు న్యాయం కాదని నాకు నేర్పింది ఈ వాడకమే.

శాసనాలు మొదలైన ఆనవాళ్లలోని వైద్య ప్రస్తావనలను ఒకచోట చేర్చే 'సాహి' అనే వేదికను కూడా సంస్థ నడుపుతోంది. ఉదాహరణకు, కాకతీయ రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు గ్రామ ఆదాయంలో భాగం కేటాయించిన సంగతి చెబుతుంది. వైద్య చరిత్ర అనేది గ్రంథాలలోనే కాదు, దానధర్మాల లెక్కల్లోనూ దాగి ఉందని గుర్తించి చేస్తున్న ఈ పని నా దృష్టిలో ఎంతో విలువైనది.

వైద్య చరిత్ర ప్రదర్శనశాల కొత్తవారికి మంచి పరిచయం. అసలు బలం మాత్రం గ్రంథాలయమే. సంస్కృత పారిభాషిక పదాలతో కొంత పరిచయం ఉన్న విద్యార్థులకు, ఆధారం లేనిదే రాయకూడదనుకునే రచయితలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. వెళ్లేముందు ఇంటి దగ్గరే సంహితల మూలపాఠాలు వెతికి, అధ్యాయం, శ్లోక సంఖ్య రాసుకుని వెళితే గ్రంథాలయంలో గడిపే సమయమంతా వ్యాఖ్యానాలనూ పాఠభేదాలనూ పోల్చి చూసుకోవడానికే మిగులుతుంది.