గోదావరి ఎండలో డ్రోన్‌కి ఏ టాబ్లెట్ తీసుకోవాలి?

కెమెరా డ్రోన్ కొన్నవాళ్లు మొదట్లో దాని బొమ్మని రిమోట్‌కి తగిలించిన ఫోన్‌లోనే చూస్తూ నెట్టుకొస్తారు. ఫ్రేము అంచులో కొబ్బరి మట్ట అడ్డొచ్చిందో లేదో తేలక, ఆనక టాబ్లెట్ కోసం దుకాణానికి వెళ్తారు. అక్కడ చాలామంది అంగుళాలు చూసి కొనేస్తారు. మన డెల్టాలో ముందు చూడాల్సింది తెర వెలుతురు, తర్వాత వేడికి తట్టుకోవడం, ఆపైన జీపీఎస్. సైజు గురించి ఆఖర్న ఆలోచించొచ్చు.

తెర వెలుతురుని నిట్స్‌లో కొలుస్తారు. 500 నిట్స్‌కి తక్కువైతే ఈ పనికి వద్దు. రొయ్యల చెరువు గట్టు మీద నిలబడితే ఎండ పైనుంచీ కొడుతుంది, నీళ్ల మీంచీ కొడుతుంది. ఆ 500 కూడా నీడపట్టునే హాయిగా కనిపిస్తుంది, ఎండలో తెర చుట్టూ నీడనిచ్చే హుడ్ తగిలించాల్సిందే. పోలిక కోసం చెప్పాలంటే, తెరతో కలిసి వచ్చే, డ్రోన్ల కంపెనీ డీజేఐ వారి ఆర్‌సీ రిమోట్‌ది 5.5 అంగుళాల తెర, 700 నిట్స్. ఆర్‌సీ ప్రోది 1000. మీ డ్రోన్‌కి అవి కలిస్తే టాబ్లెట్ ఆలోచనే అక్కర్లేదు. డీజేఐ మినీ 2 లాంటి డ్రోన్లకి ఆ రిమోట్లు కలవవు కాబట్టి ఈ వెతుకులాటంతా. ఇంకో సంగతి, తెల్ల చొక్కా వేసుకుంటే అది తెరలో అద్దంలోలా పడి సగం బొమ్మని మింగేస్తుంది. ముదురు రంగు వేసుకోండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి, వాటిని తీసి చూడండి.

ఇక వేడి. ఐప్యాడ్ వాడాల్సిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీల లోపని యాపిల్ రాసింది. వైశాఖంలో మన మధ్యాహ్నాలు ఆ గీత దాటేస్తాయి. వేడెక్కితే ముందు తెర దానంతటదే మసకబారుతుంది. బ్రైట్‌నెస్ గీతని పైకి లాగినా లాభం ఉండదు. ఇంకా వేడెక్కితే హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. వెనకున్న కేసు తీసేయండి, ఎగరేస్తూ ఛార్జింగ్ పెట్టకండి, బ్యాటరీలు మార్చుకునేటప్పుడు తెర ఆపి నీడలో పెట్టండి. హుడ్ నీడనిస్తుంది కానీ గాలి ఆడనివ్వదు, అందుకే పైనా పక్కలా ఖాళీ ఉన్నదే తీసుకోవాలి. కాలిపోతోందని ఐసు మీద మాత్రం పెట్టొద్దు. మన తేమగాలిలో లోపల చెమ్మ పడుతుంది.

జీపీఎస్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు, సిమ్ మోడల్‌లో ఉంటుంది. సిమ్ వేయకపోయినా అది పనిచేస్తుంది. డ్రోన్‌లోనే జీపీఎస్ ఉందిగా అంటారు. నిజమే, కానీ మినీ 2తో వచ్చే, తెర లేని ఆర్‌సీ-ఎన్1 రిమోట్‌లో లేదు. మీరు ఎక్కడ నిలబడ్డారో డ్రోన్ ఎగరేసే యాప్‌కి చెప్పేది చేతిలో ఉన్న ఫోనో, టాబ్లెట్టో. నడి ఏట్లో పంటు మీంచి డ్రోన్ లేపారనుకోండి. హోమ్ పాయింట్, అంటే రిటర్న్ నొక్కితే డ్రోన్ తిరిగొచ్చే చోటు, లేపిన చోటే నమోదవుతుంది. పంటు అవతలి రేవుకి చేరేసరికి రిటర్న్ నొక్కితే డ్రోన్ నడిగోదావరి మీదకి వెళ్లి దిగడం మొదలుపెడుతుంది. హోమ్ పాయింట్‌ని మీరున్న చోటికి మార్చాలంటే టాబ్లెట్‌కి తన స్థానం తెలియాలి. లంకల్లో, ఏటి మీద పనిచేసేవాళ్లు వైఫై మోడల్‌తో డబ్బు ఆదా చేయాలనుకోవద్దు. సిగ్నల్ అందని లంకకి వెళ్లే ముందు ఆ చోటు మ్యాప్‌ని ఇంట్లోనే యాప్‌లో దించుకుని పెట్టుకోండి.

వేడికి పైన చెప్పిన జాగ్రత్తలు పాటిస్తే, ఈ మూడింటికీ సరిపోయేది ఐప్యాడ్ మినీ, సిమ్ మోడల్. 2021లో వచ్చిన ఆరో తరం చాలు. 8.3 అంగుళాలు, 500 నిట్స్, టైప్-సీ, 297 గ్రాములు. 2024లో వచ్చిన ఏడో తరంలో చిప్ కొత్తది, తెర వెలుతురు మాత్రం అదే. సెకండ్‌హ్యాండ్‌లో ఆరోది మంచి స్థితిలో దొరికితే కొత్తదానికి పోనక్కర్లేదని మా అభిప్రాయం. 11 అంగుళాలది ముచ్చటగానే ఉంటుంది. కానీ అంతర్వేదిలో సముద్రపు గాలికి అది తెరచాపలా తిరిగి మణికట్టు లాగేస్తుంది.

ఆండ్రాయిడే కావాలంటే శాంసంగ్ టాబ్ యాక్టివ్5 చూడండి. 8 అంగుళాలు, 600 నిట్స్, దుమ్మునీ నీళ్లనీ తట్టుకునే ఐపీ68 రక్షణ, బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు. ఉప్పుగాలికి, ఇసుకకి ఇదే నయం. బరువు మాత్రం ఐప్యాడ్ మినీ కన్నా ఎక్కువ. ఆండ్రాయిడ్‌కి డీజేఐ ఫ్లై యాప్ ప్లే స్టోర్‌లో దొరకదు, కంపెనీ సైటు నుంచి దించుకోవాలి. డబ్బు కట్టే ముందే ఆ టాబ్లెట్‌లో యాప్ ఎక్కించి, మీ డ్రోన్ కలిపి, బొమ్మ ఆగకుండా వస్తోందో లేదో చూసుకోండి. ర్యామ్ 4 జీబీకి తగ్గితే వద్దు.

ఆర్‌సీ-ఎన్1 హోల్డర్ పొడవు 180 మిల్లీమీటర్ల దాకా ఉన్న ఫోన్లకే. ఐప్యాడ్ మినీ అందులో పట్టదు, విడిగా టాబ్లెట్ హోల్డరూ మెడపట్టీ కొనాలి. ఆంటెనాలు రిమోట్ పైకి లాగే ఆ భాగంలోనే ఉంటాయి. టాబ్లెట్ లోహపు వీపు వాటికీ డ్రోన్‌కీ మధ్యకి రాకుండా బిగించండి. కేబుల్ 25, 30 సెంటీమీటర్లది, డేటా మోసేది కావాలి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే తీగ పెడితే టాబ్లెట్ ఛార్జ్ అవుతున్నట్టే కనిపిస్తుంది, యాప్‌లో డ్రోన్ రాదు. తీగని రిమోట్ పైన ఫోన్ కోసం ఇచ్చిన చోటే పెట్టాలి, కింద ఛార్జింగ్ రంధ్రంలో కాదు. గాల్లో ఉండగా తీగ కదిలి బొమ్మ పోతే కంగారు పడొద్దు. డ్రోన్‌ని నడిపే కర్రలు (స్టిక్స్) రిమోట్ నుంచే నేరుగా పనిచేస్తాయి, రిటర్న్ బటన్ కూడా అంతే.

ఎగరేసే ముందు ఆటో బ్రైట్‌నెస్, వైఫై, బ్లూటూత్ ఆపండి, లొకేషన్ ఉంచండి. యాప్ సెట్టింగుల్లో రికార్డింగ్‌తో పాటు టాబ్లెట్‌లో కాపీ దాచే ఎంపిక ఉంటుంది. అది ఆపకపోతే కొన్నాళ్లకి స్టోరేజీ నిండి యాప్ నత్తలా నడుస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు దుకాణం ఏసీలో చూసి తేల్చొద్దు. వెలుతురు పూర్తిగా పెంచి, కెమెరా వీడియో ఆన్ చేసి, పన్నెండు గంటల ఎండలో బయట పావుగంట పట్టుకుని నిలబడండి. అయిదు నిమిషాలకే తెర మసకబారితే తిరిగి ఇచ్చేయండి.