ఇన్సులిన్ వాడేవారికి కౌన్సెలింగ్: జయనగర్‌లో మా అనుభవం

పన్నెండేళ్లుగా రోజుకు నాలుగు సూదుల ఇన్సులిన్ తీసుకుంటున్న నేను, బెంగళూరు జయనగర్‌లోని ఒక షుగరు క్లినిక్‌లో కౌన్సెలింగ్‌కు మూడుసార్లు వెళ్లాను. అక్కడ రక్తం తీయకముందే 20 ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. షుగరు వల్ల మనసుకు కలిగే ఇబ్బందులను కొలిచే, పెయిడ్ (PAID - ప్రాబ్లమ్ ఏరియాస్ ఇన్ డయాబెటిస్) అనే ఈ ప్రశ్నావళిని 1995లో అమెరికాలోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ పరిశోధకులు వెలువరించారట. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వరకు మార్కు వేసి, మొత్తాన్ని 1.25తో హెచ్చిస్తారు, 100కు 40, ఆపైన వస్తే మనసు మీద బరువు ఎక్కువగా ఉన్నట్టు లెక్క. నాకు 55 వచ్చింది.

షుగరు పడిపోతుందన్న భయం గురించి అడిగిన ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రక్తంలో షుగరు 70 (mg/dL) కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలన్న నియమం నాకు కంఠతా వచ్చు. అయితే రెండేళ్ల క్రితం ఒక అర్ధరాత్రి మీటరులో 48 కనిపించినప్పుడు, చెమటలు కారుతూ, వణికే చేతులతో డబ్బా మూత తీయలేక పడిన అవస్థ ఏ నియమంలోనూ లేదు. అప్పటినుంచి కావాలనే 200 దాటించుకుని పడుకునేవాణ్ణి. మూడు నెలల షుగరు సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9 శాతం దాటిందని డాక్టరుగారు మందలించినప్పుడల్లా తలదించుకున్నానే తప్ప కారణం చెప్పలేదు.

చిత్తూరు యాసలో మాట్లాడే ఆ కౌన్సెలరు, "ఆ రాత్రి తర్వాత నిద్రపోవాలంటేనే భయమేసిందా అండీ?" అని అడిగారు. పన్నెండేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆవిడే డాక్టరుగారితో మాట్లాడి రాత్రి మోతాదు తగ్గించేలా చూశారు. షుగరు పడిపోతే అలారం మోగే సెన్సరు కొన్నాళ్లు పెట్టుకోమన్నారు. రెండోసారి మా ఆవిడను కూడా రమ్మన్నారు. చెమట పట్టిందేమోనని రాత్రిళ్లు లేచి నా నుదురు తడిమి చూస్తున్నానని ఆమె చెబుతుంటే నేను తట్టుకోలేకపోయాను. ఇద్దరం ఒకే భయాన్ని వేరువేరుగా మోస్తున్నామని అక్కడే తెలిసింది. మూడోసారికి ప్రశ్నావళిలో నా లెక్క 36.25కు దిగింది.

నలభై నిమిషాలకు 800 రూపాయలు నాకు ఎక్కువనిపించలేదు కానీ, నెలనెలా రావలసినవారికి భారమే. గదుల మధ్య చెక్క అడ్డు పలచన కావడంతో పక్కవారి మాటలు వినిపిస్తాయి. ఈ సేవకు అది తగదు. ప్రశ్నావళి ఇంగ్లీషు, కన్నడాల్లోనే ఉంది. నా పక్కన కూర్చున్న కర్నూలు పెద్దావిడ చేత ఆ కాగితం నేనే చదివి నింపించాను. అంత సొంత సంగతులు కొత్తవాడికి చెప్పుకోవలసి రావడం ఆమెకు ఎంత కష్టమో చూశాను. తెలుగు ప్రతి తయారు చేయించమని కోరాను. మూడోసారి వెళ్లేనాటికీ అది రాలేదు.