మొదటి ట్రైల్ ట్రక్: పెద్దదా, చిన్నదా?

"అన్నా, మొదటి ట్రైల్ ట్రక్ ఏది కొనమంటావ్?" దసరా నుంచి ఇప్పటికి ఎనిమిది మంది అడిగారు. ట్రైల్ ట్రక్ అంటే రాళ్లు, గుట్టలు మెల్లగా పాకుతూ ఎక్కే రిమోట్ కంట్రోల్ బండి. వీళ్లకు స్కేలు (నిజం బండిలో ఎన్నో వంతు), లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ), ఆర్‌టీఆర్ (బిగించే పని లేకుండా తోలడానికి సిద్ధంగా వచ్చే బండి) లాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు. వీడియోలు చూసి చూసి అందరూ ఒకే చోట ఇరుక్కుపోయారు. 1/10 స్కేలు పెద్ద బండి, అంటే ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4 లాంటిది కొనాలా? 1/18 స్కేలు టీఆర్‌ఎక్స్-4ఎం సరిపోతుందా? అసలు ఆరేడు వేల చైనా బండితో మొదలుపెట్టి, సరదా నిలబడితే అప్పుడు చూసుకుందామా?

మూడూ తోలాను. చైనా బండి నా డబ్బులతో కొన్నాను. టీఆర్‌ఎక్స్-4 ఒక ఫ్రెండ్‌ది, నాలుగైదు ఆదివారాలు నా చేతిలోనే ఉంది. 4ఎం ఈమధ్యే మా చిన్నాన్న కొడుకు టెక్సస్‌లోని ప్లేనో నుంచి వస్తూ సూట్‌కేసులో తెచ్చాడు. ట్రాక్సస్ కంపెనీ ఉన్న మెకిన్నీ వాడికి పక్క ఊరే. ఆ సంగతి హైదరాబాద్‌లో కూర్చుని నేను చెప్పేదాకా వాడికి తెలియదు!

కొనేవాళ్లు టాప్ స్పీడ్ అడుగుతారు, లైట్లు వెలుగుతాయా అని అడుగుతారు. నేను అడిగేది ఒక్కటే: బండి ఎంత మెల్లగా పోగలదు?

ట్రైల్ ట్రక్‌కు పరుగుతో పని లేదు. టైరు రాయిని తాకాలి, పట్టు దొరికేదాకా ఆగాలి, దొరికాక పాకాలి. ట్రిగ్గర్ మీద వేలు రవ్వంత కదిపితే చక్రమూ రవ్వంతే కదలాలి. వేలు తీసేస్తే ఏటవాలులో ఎక్కడిది అక్కడే నిలబడాలి, వెనక్కి దొర్లకూడదు. ఈ పట్టి ఉంచడాన్నే డ్రాగ్ బ్రేక్ అంటారు. ఇది లేని బండితో గుట్ట ఎక్కడం అంటే, హ్యాండ్ బ్రేక్ లేని కారును ఫ్లైఓవర్ ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆపినట్టే.

దీన్ని ఇంట్లోనే కొలవొచ్చు. మా హాల్లో రెండడుగుల టైల్స్ ఉన్నాయి. బండి ఆగిపోకుండా, గంతులేయకుండా ఎంత మెల్లగా పోగలిగితే అంత మెల్లగా ఒక టైల్ దాటించి, సెకన్లు లెక్కపెట్టాను. చైనా బండికి రెండు సెకన్లు పట్టింది. అంతకంటే తగ్గిస్తే కదలదు, కదిలితే ఆగదు. టీఆర్‌ఎక్స్-4 తక్కువ వేగం గేరులో పన్నెండు సెకన్లు తీసుకుంది. 4ఎం ఇరవై.

స్కేలుతో గుణిస్తే అసలు కథ బయటపడుతుంది. రెండడుగులు అంటే 60 సెంటీమీటర్లు. చైనా బండి 1/12 స్కేలు కాబట్టి, నిజం జీపు సైజులో చూస్తే అది గంటకు 13 కిలోమీటర్ల వేగంతో బండరాళ్ల మీదికి దూకుతున్నట్టు. టీఆర్‌ఎక్స్-4, 4ఎం రెండూ గంటకు రెండు కిలోమీటర్ల లోపే వస్తాయి. నిజంగా ఆఫ్‌రోడ్ చేసేవాళ్లు రాళ్లు ఎక్కేటప్పుడు పోయే వేగం దాదాపు అంతే. చూసేవాళ్ల కంటికి బొమ్మలా కనబడటం, బండిలా కనబడటం మధ్య తేడా కూడా అక్కడే వస్తుంది. బాడీ మీద ఎంత పెయింట్ వేసినా, గంతేసే బండి బొమ్మే.

నాకిది ఖాజాగూడ గుట్టల దగ్గర బోధపడింది. చైనా బండిని (పేరు ఎందుకులెండి) మోకాలెత్తు గ్రానైట్ గుండు ముందు పెట్టాను. మన గుట్టల రాయి గరుకుగా ఉంటుంది కదా, టైరుకు పట్టు బాగానే దొరుకుతుంది. ముందు చక్రాలు ఆనాయి. కొంచెం ట్రిగ్గర్ నొక్కాను, కదల్లేదు. ఇంకొంచెం నొక్కాను, కదల్లేదు. ఇంకో చుక్క నొక్కేసరికి మోటారు ఒక్కసారిగా తన్నింది. బండి ముందు కాళ్లు లేపిన గుర్రంలా లేచి వెల్లకిలా పడింది. పడటం తప్పేం కాదు, ఈ ఆటలో రోజూ పడతాం. కానీ ఎందుకు పడిందో చూస్తే, దారి ఎంచుకోవడంలో నా పొరపాటు ఏమీ లేదు. అదే గుండు మీద పదిసార్లు ప్రయత్నించాను, పదిసార్లూ అదే. అంటే ఆ బండితో నేను నేర్చుకోవడానికి ఏమీ లేదు. మూడో వారానికి గేర్ల పళ్లు అరిగి, కరకర శబ్దం మొదలైంది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే నమస్కారం బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నారు.

అలాగని చౌక బండ్లన్నీ దండగ అనను. స్పీడ్ కంట్రోలర్ మార్చి, మోటారు మార్చి, ఇరుసులు మార్చి సొంతంగా కట్టుకునేవాళ్లకు అవి మంచి ముడిసరుకు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటేనే నిద్రపట్టే రకం మనుషులు ఉంటారు, వాళ్లకు ఓకే. మిగతావాళ్లు ఆ మార్పులన్నిటి ఖర్చూ కూడితే 4ఎం ధరకు దగ్గరికొచ్చేస్తారు.

ఇక అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

టీఆర్‌ఎక్స్-4 2017లో ల్యాండ్ రోవర్ డిఫెండర్ బాడీతో వచ్చింది. పోర్టల్ ఇరుసులు దాని గొప్ప. చక్రం దగ్గర ఇంకో జత గేర్లు పెట్టి ఇరుసును చక్రం మధ్యభాగం కంటే పైకి లేపారు, దాంతో కింద రాయి తగలకుండా బోలెడు ఖాళీ. రెండు గేర్లున్నాయి. డిఫరెన్షియల్స్‌ను, అంటే మలుపులో కుడి, ఎడమ చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లను, రిమోట్ మీద స్విచ్‌తో లాక్ చేయొచ్చు, విప్పొచ్చు. మలుపులో విప్పుతాం, రాయి మీద బిగిస్తాం. ఈ స్విచ్ నొక్కేటప్పుడు వచ్చే ఆనందం వేరు, అబద్ధం చెప్పను. మూడు కిలోల పైచిలుకు బరువు ఉండటంతో రాళ్ల మీద నిజం బండిలాగే బరువుగా ఒరుగుతుంది, సర్దుకుంటుంది. 1.9 అంగుళాల టైర్లు, చక్రాలు ఏ కంపెనీవైనా పడతాయి.

మరి ఇబ్బందేంటి? దాదాపు రెండడుగుల పొడవు. దాన్ని తోలాలంటే చోటు కావాలి, చోటుకు పోవాలంటే ఆదివారం కావాలి, ఆదివారం ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఫ్రెండ్ బండి నా దగ్గరున్న నెలన్నరలో నేను దాన్ని నేల మీద పెట్టింది ఐదుసార్లు. పైగా బ్యాటరీ, చార్జర్ విడిగా కొనుక్కోవాలి. ఈ సంగతి పెట్టె విప్పాక తెలుసుకుని తల పట్టుకున్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు.

టీఆర్‌ఎక్స్-4ఎం 2022లో డిఫెండర్, ఫోర్డ్ బ్రాంకో బాడీలతో వచ్చింది. జానెడు కంటే కాస్త పొడవు, అంతే. 7.4 వోల్టుల 750 ఎంఏహెచ్ లైపో, యూఎస్‌బీ చార్జర్ పెట్టెలోనే ఉంటాయి, ఫోన్ అడాప్టర్‌కు పెట్టేయొచ్చు. నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు. పోర్టల్స్ లేవు, డిఫరెన్షియల్స్ ఎప్పుడూ లాకే, అందుకని మలుపు పెద్దగా తీసుకుంటుంది. ఇరుసు మధ్యనున్న గుండ్రటి భాగం రాయికి తగిలి బండి తరచూ కూర్చుండిపోతుంది. కాగితం మీద చూస్తే పెద్దదానికి సాటి రాదు.

కానీ 4ఎం వచ్చిన ముప్పై రోజుల్లో ఇరవై రెండు రోజులు తోలాను. ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగుతూ, డాబా మీద. పాత ఇటుకలు ఏడు, ఒక పగిలిన రోలు, కుండీలు, అమ్మ ఎండబెట్టిన కొబ్బరి డొక్కలు. ఇవే నా గుట్టలు. ఒక ఇటుకను నిలువుగా పెట్టి, దాని పక్కన ఇంకోటి ఏటవాలుగా ఆనిస్తే, దాన్ని దాటడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. మొదటి సాయంత్రం నేరుగా ఎక్కించబోయి వెనక్కి పడ్డాను. రెండో రోజు కుడి ముందు చక్రాన్ని ఇటుక అంచు మీద ఉంచి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి, గేరు పళ్లు ఒక్కొక్కటే కదిలినట్టు కదిపాను. టైరు అంచు నలిగి, వంగి, పట్టుకుంది. ఎక్కింది. వాచ్‌మన్ యాదయ్య పావుగంట నిలబడి చూసి, "సార్, ఇది ఉరకదా?" అన్నాడు. ఉరకదు యాదయ్యా, అదే కదా దీని గొప్ప అన్నాను. నమ్మినట్టు లేడు.

మెల్లగా పోవడంలో రెండూ సమానమే అయినప్పుడు, రోజూ చేతికొచ్చేదే మేలని నా ఓటు 4ఎంకే. టెర్రస్ లేదా చిన్న పార్కు ఉన్నవాళ్లు, ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఇంకో మాట ఆలోచించకండి. వారం వారం కలిసి గుట్టలకు పోయే నలుగురి జట్టు ఇప్పటికే ఉండి, వాళ్లంతా 1/10 తోలుతుంటే మాత్రం పెద్దదే కొనండి. వాళ్లు దూకించే గోతిలో 4ఎం మునిగిపోతుంది.

మిగతావి గబగబా. యాక్సియల్ అనే ఇంకో కంపెనీ ఎస్‌సీఎక్స్24 బండి 1/24 స్కేలు, ఇంకా చిన్నది, ధర ఇంకా తక్కువ. డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలు పేర్చి ఆడుకోవడానికి ముచ్చటగా ఉంటుంది కానీ బండితో వచ్చే షాక్ అబ్జార్బర్లలో నూనె ఉండదు, గుట్ట మీద గులకరాయి కూడా దానికి కొండే. యాక్సియల్‌దే ఎస్‌సీఎక్స్10 మూడో తరం, టీఆర్‌ఎక్స్-4కు సరిసమానం, దానికీ పోర్టల్సే. రెండింట్లో ఏ బాడీ నచ్చితే అది, జీప్ రాంగ్లర్ పిచ్చి ఉంటే ఇది. కిట్ కొని మీరే బిగించుకుంటారా? రెండో బండిగా అయితే సరే.

ఇక డబ్బు. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. తెప్పించుకునే ముందు ఆ రోజు రేటు ఎంతో చూసుకోండి. ఇక్కడ షాపులో ధర చూసి "అమెరికాలో ఇంత లేదు కదా" అని గొడవపెట్టుకోవడం దండగ. అందుకే మనవాళ్లు చాలామంది వచ్చేపోయే చుట్టాల మీద ఆధారపడతారు. అలా తెప్పిస్తే ఒక జాగ్రత్త: బ్యాటరీని బండిలోంచి తీసి, కొసలకు టేపు చుట్టి, చేతిసంచిలో పెట్టుకోమనండి. విడి లైపోలు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు. 100 వాట్-అవర్ల లోపున్నవి క్యాబిన్‌లో తేవచ్చు. 4ఎం బ్యాటరీ ఆరు కూడా ఉండదు, పెద్దదాని 2ఎస్ (రెండు సెల్‌ల) 5000 ఎంఏహెచ్ ప్యాక్ 37 మాత్రమే. మా తమ్ముడు ఇది వినకుండా సూట్‌కేసులో పడేశాడు. ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించి, పైనున్న ఆవకాయ సీసా మూత కూడా తీయించారట.

వచ్చాక మొదటి రోజు చేయాల్సినవి పెద్దగా లేవు. చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. 1.5 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్ ఒక మంచిది కొనండి, పెట్టెలో వచ్చేది స్క్రూ తలలను నున్నగా చేసేస్తుంది. డిఫెండర్ అయితే పైన లగేజీ క్యారియర్, దాని మీది సామాన్లు పీకేయండి. అందంగానే ఉంటాయి కానీ ఆ బరువుకే బండి పక్కకు ఒరుగుతుంది. బరువు ఎంత కిందికి, ముందుకు ఉంటే అంత మంచిది. చక్రాల లోపల ఇత్తడి రింగులు వేస్తారు అందుకే. అవి తర్వాత చూసుకోవచ్చు.

రెండో బ్యాటరీ మాత్రం మొదటి రోజే కొనండి. లైపోను సెల్‌కు 3.2 వోల్టుల కంటే కిందికి దించొద్దు, వారం పాటు వాడకపోతే 3.8 దగ్గర ఉంచండి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోతే ఉబ్బిపోతుంది, ఉబ్బినదాన్ని మళ్లీ చార్జి చేయకండి. సముద్రం దగ్గరున్నవాళ్లు బీచ్ ఇసుకలోకి తీసుకెళ్తే ఇంటికొచ్చాక బేరింగులు శుభ్రం చేయాలి, ఉప్పు వాటిని తినేస్తుంది. విశాఖ మిత్రులు ఎర్రమట్టి దిబ్బల వైపు మాత్రం తోలకండి, అది రక్షిత ప్రాంతం.

మా తమ్ముడు జనవరిలో మళ్లీ వస్తున్నాడు. "అన్నా, ఈసారి పెద్దది తేనా?" అని వాడే అడిగాడు. ఒక నిమిషం ఆలోచించిన మాట నిజమే. 4ఎంకు మెత్తటి టైర్లు రెండు జతలు, ఒక బ్యాటరీ తెమ్మన్నాను.