సెయింట్ వ్లాదిమిర్ శిలువ నకలు: ఎనామెల్ మెచ్చదగినది, రిబ్బను మాత్రం తప్పు

తన పట్టాభిషేకానికి ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్ 1782లో నెలకొల్పి, సైనికులతో పాటు పౌర ఉద్యోగులకూ నాలుగు తరగతుల్లో ప్రదానం చేసిన సెయింట్ వ్లాదిమిర్ ఆర్డర్ అనే రాజపురస్కారం అంటే నాకు ఎంతో గౌరవం. లెనిన్ తండ్రి ఇల్యా ఉల్యానోవ్‌కు, పాఠశాలల పర్యవేక్షణలో చేసిన సేవకు గాను, 1882లో మూడో తరగతి దక్కి, దానితో వంశపారంపర్య ప్రభు హోదా కూడా వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ నాలుగో తరగతి శిలువ నకలులో ముదురు ఎరుపు ఎనామెల్ చేతులపై ఎక్కడా బుడగ లేదు, అంచుల నల్లగీత సన్నగా, తెగకుండా సాగింది, వెనుకవైపు సెప్టెంబరు 22, 1782 అన్న తేదీ భూతద్దం లేకుండానే చదవగలిగేంత స్పష్టంగా ఉంది. అయితే నలుపు, ఎరుపు, నలుపు చారలుండాల్సిన చోట పసుపు అంచుల ఎర్ర రిబ్బను, అంటే సెయింట్ అన్నా ఆర్డర్‌ది, కుట్టి పంపారు. అమ్మకందారు మార్చి పంపితే తప్ప దీన్ని కొనమని చెప్పలేను.